విశాఖ ఇసుకలో ఐదుగురి అల్టిమేట్: టోర్నమెంటుకు ముందే తేల్చుకోవాల్సిన నియమాలు

ఫ్రిస్బీ లాంటి డిస్క్‌తో రెండు జట్లు ఆడే అల్టిమేట్ ఆటను కొత్తవాళ్లకు రెండు నిమిషాల్లో చెప్పేయొచ్చు. డిస్క్ చేతిలో ఉన్నవాళ్లు పరుగెత్తకూడదు, విసరాలి. అవతలి ఎండ్‌జోన్‌లో, అంటే మైదానం కొసనున్న గోల్ భాగంలో, మనవాళ్లు పట్టుకుంటే ఒక పాయింటు. కింద పడినా, గీత దాటినా, ఎదుటివాళ్లు అందుకున్నా డిస్క్ వాళ్లదవుతుంది. ఇంతే ఆట. కష్టమంతా ఆ తర్వాత మొదలవుతుంది, ఎందుకంటే ఈ ఆటలో రెఫరీ ఉండడు. 1968లో అమెరికాలోని మేపుల్‌వుడ్ అనే ఊళ్లో హైస్కూలు పిల్లలు మొదలుపెట్టిన ఈ ఆటలో ఈనాటికీ ప్రపంచ పోటీల్లో సైతం ఫౌల్ పిలిచేదీ, ఒప్పుకునేదీ ఆటగాళ్లే. కాబట్టి నియమం అందరికీ ఒకేలా తెలిసి ఉండాలి. సగంమందికి ఒకలా, మిగతావాళ్లకు మరోలా తెలిస్తే ప్రతి మ్యాచూ పేచీయే.

ఈ పేచీలు చిన్న జట్ల టోర్నమెంట్లలోనే ఎక్కువ. జట్టుకి ఏడుగురు ఆడే గడ్డి మైదానం కోసం రాసిన నియమాల్ని ఉన్నవి ఉన్నట్టుగా ఐదుగురి బీచ్ ఆట మీద పెట్టేస్తారు, అక్కడ తేడా వస్తుంది. కొలతలు, లెక్కలు, సమయాలు మన చోటికి తగ్గట్టు మార్చుకోవచ్చు. మార్చుకోవాలి కూడా. ఫౌల్ ఎవరు పిలవాలి, పిలిచాక ఏం జరగాలి, ఒంటికి ఒళ్లు తగలకుండా ఎవరు చూసుకోవాలి అన్న వాటిని మాత్రం వేలితో కూడా కదపకూడదు. మన ఊళ్లో టోర్నమెంటు పెట్టాలనుకునేవాళ్ల కోసం, ఆడబోయేవాళ్ల కోసం ఈ రెండు రకాల్నీ విడదీసి రాస్తున్నాం.

ముందు మైదానం. గడ్డి మీద ఏడుగురి ఆటకు 100 మీటర్ల పొడవు, 37 మీటర్ల వెడల్పు. అందులో రెండు వైపులా 18 మీటర్ల ఎండ్‌జోన్లు. ఇసుక మీద ఐదుగురికి 75 మీటర్లు, 25 మీటర్లు. ఎండ్‌జోన్లు 15 మీటర్ల చొప్పున, మధ్యలో 45. ఈ లెక్కన ఏడుగురి ఆటలో మనిషికి 264 చదరపు మీటర్ల చోటు వస్తుంది, ఐదుగురి ఆటలో 187. చోటు తగ్గినా ఆట ఇరుకు కాదు, ఎందుకంటే మెత్తటి ఇసుకలో పరుగు సగం చచ్చిపోతుంది. కానీ ఇంతకన్నా తగ్గిస్తే మాత్రం అందరూ ఒకచోట కుప్ప పడతారు. 25 మీటర్ల వెడల్పు దొరకనప్పుడు ఐదుగురినే 60కి 20 మైదానంలో ఇరికించడం చాలాచోట్ల చూస్తాం. అప్పుడు మనిషికి 120 చదరపు మీటర్లే. ప్రతి రెండో పాసుకీ ఒక ఢీ. అలాంటి చోట జట్టుకి నలుగుర్ని పెట్టండి, మనిషికి 150 వస్తుంది, ఆట ఊపిరి పీల్చుకుంటుంది. ఎండ్‌జోన్లు 12 మీటర్ల చొప్పున, మధ్య 36.

మన బీచ్‌లో వెడల్పే అసలు సమస్య. 25 మీటర్ల మైదానానికి రెండు పక్కలా కనీసం 3 మీటర్ల ఖాళీ కలిపితే 31 మీటర్లు కావాలి. ఆర్కే బీచ్‌లో ఇసుక వెడల్పు ఏడాదంతా ఒకేలా ఉండదు. నైరుతి రుతుపవనాల అలలు కోసేస్తాయి, ఆ తర్వాత మెల్లగా మళ్లీ పేరుకుంటుంది, పోర్టువాళ్లు డ్రెడ్జింగ్‌లో తీసిన ఇసుకను కూడా అక్కడ పోస్తుంటారు. అందుకే పోయినేడు చూసిన కొలత ఈ ఏడు పనికిరాదు. కొలవాల్సింది కూడా పాటు సమయంలో కాదు, పోటు నిండుగా ఉన్నప్పుడు. పౌర్ణమి, అమావాస్యల దగ్గర మన తీరంలో నీటిమట్టం దాదాపు ఒకటిన్నర మీటరు దాకా తేడా వస్తుంది. ఏటవాలు ఇసుక మీద అది చాలా మీటర్ల మైదానాన్ని మింగేస్తుంది. పోటూ పాటూ రోజుకి రెండేసి సార్లు వస్తాయి, రోజురోజుకీ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. అల వదిలి వెళ్లిన చెత్తాచెదారం గీతలా కనిపిస్తుంది కదా, సముద్రం వైపు గీత దానికన్నా పైనే ఉండాలి. కిందనున్న తడి ఇసుక గట్టిగా ఉందని, పరుగుకి బాగుందని సగం మైదానాన్ని అక్కడికి జరపకండి. ఒక పక్క గట్టిగా, ఒక పక్క మెత్తగా ఉన్న మైదానంలో మోకాళ్లు మెలిపడతాయి. వెడల్పు కావాలంటే రుషికొండ, సాగర్‌నగర్, భీమిలి వైపు కూడా చూడొచ్చు.

మైదానం పొడవు తీరం వెంబడే పెట్టాలి, వేరే దారి లేదు. అందులో మనకు కలిసొచ్చేది ఒకటుంది. విశాఖ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది కాబట్టి పొద్దుటి ఎండ పక్క నుంచి పడుతుంది, విసిరేవాళ్లకీ పట్టేవాళ్లకీ సూటిగా కళ్లలో కొట్టదు. గాలి సంగతి వేరు. పొద్దున్నే తక్కువగా ఉంటుంది, ఉన్నా నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది, డిస్క్‌ని నీళ్లవైపు నెడుతుంది. ఎండ ఎక్కేకొద్దీ సముద్రం గాలి అందుకుని రోడ్డు వైపు నెడుతుంది. వేసవిలో నైరుతి గాలి మైదానం పొడవునా వీస్తుంది. అప్పుడు గాలికి ఎదురు ఆడేవాళ్లకు పాయింటు రావడం గగనమే. ప్రతి పాయింటు తర్వాతా జట్లు పక్కలు మారతాయి కాబట్టి గాలి ఎవరి సొంతమూ కాదు. పాయింటు మొదలయ్యేటప్పుడు ఒక జట్టు అవతలి జట్టుకి విసిరే మొదటి విసురు పుల్. టాస్‌లో గెలిచినవాళ్లు పుల్ పట్టడమా వేయడమా అన్నది గానీ, ఏ పక్క అన్నది గానీ ఒకటే ఎంచుకోవాలి. రెండోది ఓడినవాళ్లది.

గీతలకు సుద్ద పనికిరాదు, పది నిమిషాల్లో ఇసుకలో కలిసిపోతుంది. తాడు వాడకండి, చర్మం కోస్తుంది, వేళ్లలో ఇరుక్కుంటుంది. మంచాలకు అల్లే ప్లాస్టిక్ నవారు ఉంటుంది చూశారా, అది వాడండి. వెడల్పు ఉంటుంది, మెత్తగా పడుకుంటుంది, కాలు పడినా కోయదు. నీలం గానీ ఎరుపు గానీ తీసుకోండి, తెల్లదీ గోధుమరంగుదీ ఇసుకలో కనిపించవు. 75కి 25 మైదానం చుట్టూ 200 మీటర్లు, ఎండ్‌జోన్ల ముందుండే రెండు గోల్ గీతలకు మరో 50, మొత్తం 250 మీటర్లు. ముళ్లకి, మూలలకి కలిపి ఇంకో 10 మీటర్లు ఎక్కువే కొనండి.

దీన్ని బిగించడంలోనే చాలామంది తప్పుతారు. గడ్డిలో దిగేసినట్టు మేకు దిగేస్తే పొడి ఇసుకలో ఒక్క గుంజుకి ఊడొస్తుంది, పైగా మొన తేలి ఉత్తకాళ్లకి ప్రమాదం. జానెడు పొడవున్న చెక్క ముక్క తీసుకుని నడుమున తాడు కట్టండి. ఇసుకలో అడుగు లోతు గొయ్యి తీసి ముక్కను నిలువుగా కాదు, అడ్డంగా పడుకోబెట్టి పూడ్చండి, పైన కాలితో తొక్కండి. తాడు కొస మాత్రం పైకి రావాలి, నవారు దానికి కట్టాలి. ఇసుక బరువే ముక్కను పట్టుకుంటుంది. నాలుగు మూలలకు నాలుగు, గోల్ గీతల కొసలకు నాలుగు, మధ్యలో 45 మీటర్ల సాగులో నవారు గాలికి లేవకుండా పక్కకొకటి చొప్పున రెండు, వెరసి మైదానానికి పది ముక్కలు. మూలలు సరిగ్గా వచ్చాయో లేదో చూడటానికి కంటిని నమ్మొద్దు. ఒక మూల నుంచి ఎదుటి మూలకి టేపు పట్టండి. 75కి 25 అయితే 79 మీటర్ల 6 సెంటీమీటర్లు రావాలి, 60కి 20 అయితే 63 మీటర్ల 25. రెండు కర్ణాలూ సమానంగా వచ్చేదాకా మూలల్ని జరపండి. ఆ తర్వాత గోల్ గీత మధ్య నుంచి మైదానంలోకి 10 మీటర్ల దూరంలో నవారు ముక్కతో ఒక ఇంటూ గుర్తు పెట్టండి, రెండు వైపులా. పుల్ ఎవరూ తాకకుండా బయట పడితే డిస్క్ అక్కడి నుంచి మొదలవుతుంది. లేదంటే అది గీత దాటిన చోటి నుంచి మొదలుపెట్టొచ్చు, ఆ ఎంపిక పట్టే జట్టుది.

గీత బయటి కిందే లెక్క. కాలు నవారు తాకితే ఔట్. ఇసుక ఆటలో ఇది పెద్ద తగాదా, ఎందుకంటే దూకి వచ్చే మనిషి మడమ లేపిన ఇసుక నవారుని కప్పేస్తుంది, లేదా కాలే నవారుని ఈడ్చుకుపోతుంది. అలాంటప్పుడు ఎవరు పట్టారు, ఎవరి జట్టు అన్నది చూడకూడదు. ఆ క్షణంలో గీత వెంబడి సూటిగా చూడగలిగే చోట ఎవరున్నారో వాళ్ల మాట చెల్లాలి. అది పక్కన నిలబడ్డ ఆటగాడు కావొచ్చు, అవతలి జట్టువాళ్లు కూడా కావొచ్చు. పాయింటు అయిన ప్రతిసారీ ఎవరో ఒకరు కాలితో నవారు మీది ఇసుక తోసేయడం అలవాటు చేసుకుంటే ఈ తగాదాలు సగానికి తగ్గుతాయి.

డిస్క్ 175 గ్రాములది ఉండాలి, అడ్డం దాదాపు 27 సెంటీమీటర్లు. బీచ్ రోడ్డు మీద బొమ్మల దుకాణాల్లో దొరికే పల్చటివి సముద్రం గాలికి ఆకుల్లా ఎగిరిపోతాయి. మైదానానికి రెండు డిస్కులు సిద్ధంగా ఉంచండి. కారణం సముద్రం, దాని గురించి కిందుంది.

ఇక అసలు విషయం, స్టాల్ లెక్క. డిస్క్ పట్టుకున్నవాళ్ల ఎదుట నిలబడ్డ మార్కర్ పైకి వినబడేలా లెక్కపెడతాడు, ఆలోపే డిస్క్ విసిరేయాలి. గడ్డి మీద పది దాకా. ఐదుగురి ఆటకి ఎనిమిది చాలు. మైదానం చిన్నది, తెరిపి త్వరగా దొరుకుతుంది, పది ఇస్తే ఆట నత్తనడక అవుతుంది. నలుగురి ఆటకు ఏడు కూడా పెట్టుకోవచ్చు, కానీ కొత్త జట్లు వచ్చే టోర్నమెంటులో ఎనిమిదే ఉంచండి. మొదట ‘స్టాలింగ్’ అనాలి, ఆ తర్వాతే ఒకటి. ఒక అంకె మొదలుపెట్టడానికీ తర్వాతి అంకె మొదలుపెట్టడానికీ మధ్య కనీసం ఒక సెకను ఉండాలి. మార్కర్ 3 మీటర్ల లోపల ఉంటేనే లెక్క చెల్లుతుంది.

ఇక్కడ మన భాషకు సంబంధించిన చిక్కు ఒకటుంది. ఆఖరి అంకె నోట మొదలయ్యేసరికి డిస్క్ చేయి వదలకపోతే టర్నోవర్, అంటే డిస్క్ అవతలి జట్టుది. అంకె పూర్తయ్యేదాకా ఆగడం ఉండదు. ఇంగ్లిష్‌లో లెక్కపెడితే ‘ఎయిట్’ చప్పున అయిపోతుంది. తెలుగులో ‘ఎనిమిది’ సాగుతుంది, విసిరేవాళ్లు ‘ది’ దాకా టైముందనుకుంటారు. లేదు. ‘ఎ’ అన్న క్షణానికే అయిపోయింది. అందుకే ఏ భాషలో లెక్కపెట్టాలో కెప్టెన్ల మీటింగులోనే తేల్చండి. తెలుగులో అయితే నిరభ్యంతరంగా తెలుగులోనే, మొదటి అక్షరం నియమం మాత్రం అందరి చేతా ఒకసారి చెప్పించండి.

లెక్క తొందరగా పెడితే విసిరేవాళ్లు ‘ఫాస్ట్ కౌంట్’ అంటారు. ఆట ఆగదు. మార్కర్ ఆఖరున అన్న అంకెలోంచి ఒకటి తగ్గించి కొనసాగించాలి, అంటే ఐదు అని ఉంటే నాలుగు నుంచి. మార్కర్ మరీ మీదికి వచ్చినా ఇంతే. ఇద్దరి మధ్యా కనీసం ఒక డిస్క్ వెడల్పు ఖాళీ ఉండాలి, లేకపోతే ‘డిస్క్ స్పేస్’ అని పిలవొచ్చు. చెప్పినా మానకపోతే ఆట ఆపి నియమ ఉల్లంఘనగా పిలిచే హక్కు విసిరేవాళ్లకు ఉంది.

చిన్న జట్లలో ఎక్కువగా జరిగే తప్పు డబుల్ టీమ్. మార్కర్ కాకుండా డిఫెన్స్‌లో ఇంకొకరు డిస్క్ పట్టుకున్నవాళ్లకు 3 మీటర్లలోపు నిలబడి, ఆ దగ్గర్లో వేరెవరినీ కాయకపోతే అది తప్పు. ఐదుగురి ఆటలో మనుషులు దగ్గరదగ్గరగా ఉంటారు కాబట్టి కావాలని చేయకపోయినా జరిగిపోతుంది. తన మనిషి పరుగెత్తి వెళ్లిపోయినా డిఫెండర్ అక్కడే నిలబడి చూస్తుంటాడు. వెంటనే కదలాలి. ‘నేను అడ్డం రాలేదు కదా’ అన్నది జవాబు కాదు, అక్కడ ఉండటమే తప్పు.

ట్రావెల్ (డిస్క్ పట్టుకుని చోటు మారే తప్పు) విషయంలో ఇసుకకి కొంత వెసులుబాటు ఇవ్వాల్సిందే, నియమంలో కాదు, చూపులో. పరుగులో పట్టినవాళ్లు దిశ మార్చకుండా వీలైనంత త్వరగా ఆగాలి. ఆగాక ఒక కాలు పివట్‌గా, అంటే చోటు మారకుండా, ఉండిపోవాలి. గట్టి నేల మీద రెండు అడుగుల్లో ఆగే మనిషి మెత్తటి ఇసుకలో జారుతూ ఆగుతాడు. పివట్ కాలు గుంటలో దిగబడి, తిరిగినప్పుడల్లా గుంట వెడల్పవుతుంది. గుంట లోపలే కాలు తిరిగితే ట్రావెల్ పిలవొద్దు. గుంట అంచు దాటి కొత్త చోట కాలు పడితే పిలవండి. ఈ ఒక్క కొండగుర్తు అందరూ ఒప్పుకుంటే ట్రావెల్ వాదనలు దాదాపు ఉండవు.

పిక్ గురించి కొత్తవాళ్లకు విడమర్చి చెప్పాలి. నేను కాసే మనిషి నాకు 3 మీటర్లలోపు ఉండి, అతని వెంట పరుగెత్తే నాకు మూడో మనిషి ఎవరో అడ్డం వస్తే ‘పిక్’ అని అరిచి ఆట ఆపొచ్చు. ఆగాక నేను ఉండాల్సిన చోటికి చేరుకుంటాను, ఆట మళ్లీ మొదలవుతుంది. అడ్డం వచ్చినవాళ్లు తప్పు చేసినట్టు కాదు, శిక్ష లేదు. ముందే చాలా వెనకబడిపోయి ఉండి, దూరం నుంచి పిక్ పిలవడం మాత్రం అన్యాయం.

ఫౌల్. ఒళ్లు తగలకుండా చూసుకునే బాధ్యత ఇద్దరిదీ. ఇసుక మీద పడితే దెబ్బ తగలదన్న ధైర్యంతో అందరూ డైవ్ కొడతారు. కింద ఇసుక మెత్తనే, పక్కనున్న మనిషి మోకాలు మెత్తన కాదు. డిస్క్‌కి తానే ముందు చేరినా, ఆ వేగంతో ఎదుటివాళ్ల మీద పడితే ఫౌలే. ‘నేను ముందు డిస్క్ తాకాను’ అన్నది సమర్థన కాదు. దగ్గర్లో జనం గుమిగూడి ఉంటే దూకకపోవడమే సరైన ఆట.

ఫౌల్ పిలిచేది తగిలించుకున్నవాళ్లే. పక్కన కూర్చున్న కోచ్ కాదు, నాన్న కాదు, స్నేహితుడు కాదు. పిలిచాక ఇద్దరూ మాట్లాడుకోవాలి, ఎంతసేపంటే ఇదిగో ఇంతసేపు:

“ఫౌల్.”
“ఎక్కడన్నా? ఏమైంది?”
“పట్టబోతుంటే నా మణికట్టు మీద కొట్టావురా, అందుకే వదిలేశాను.”
“తగిలింది కరక్టే. కానీ డిస్క్ నీ చేయి దాటిపోయాక తగిలిందనుకుంటున్నానన్నా.”
“నాకు ముందే తగిలినట్టుంది.”
“సరే, కాంటెస్ట్.”

అంతే. గొంతు పెరగలేదు, ఎవరూ ఎవరినీ అబద్ధాలకోరు అనలేదు. కాంటెస్ట్ అంటే డిస్క్ విసిరినవాళ్ల దగ్గరికి వెనక్కి పోతుంది, అందరూ అప్పుడున్న చోట్లకి వెళ్తారు, ఆట మళ్లీ. ఎదుటివాళ్లు ‘అవును, తగిలించాను’ అంటే డిస్క్ పట్టబోయినవాళ్లదే, తగిలిన చోటి నుంచే. అరనిమిషం దాటినా తేలకపోతే డిస్క్ వెనక్కి అని ముందే రాసుకోండి. చుట్టూ పదిమంది చేరి తలా ఒక మాట వేయడమే ఆటను పాడుచేసేది. బాగా చూసినవాళ్లను ‘నీకెలా కనబడింది’ అని ఆ ఇద్దరూ అడిగితేనే మూడోవాళ్లు నోరు విప్పాలి.

కాల్ తర్వాత స్టాల్ ఎక్కణ్నుంచి? పది లెక్కలో అయితే డిఫెన్స్ తప్పు ఒప్పుకున్నప్పుడు ఒకటి నుంచి, కాంటెస్ట్ అయితే ఆరుకి మించకుండా, ఆఫెన్స్ తప్పు ఒప్పుకుంటే తొమ్మిదికి మించకుండా. ఎనిమిది లెక్కకు వాటిని ఒకటి, నాలుగు, ఏడుగా పెట్టుకుంటే సరిపోతుంది. ఈ మూడు అంకెల్ని స్కోరు పట్టిక పైన పెద్దగా రాసిపెట్టండి, మ్యాచికి పదిసార్లు అడుగుతారు. ఆగిన ఆట మొదలయ్యేటప్పుడు డిఫెన్స్ మనిషి డిస్క్‌ని చేత్తో తాకాలి. తాకకముందు విసిరిన పాసు చెల్లదు.

సముద్రం గురించి ఒక నియమం, దీనికి మినహాయింపు లేదు. నీళ్లలో పడిన డిస్క్ కోసం మోకాలి లోతు దాటి ఎవరూ వెళ్లకూడదు. మన తీరంలో కెరటం వెనక్కి లాగే ఊపు, లోపలికి ఈడ్చే ప్రవాహాలు ఎంతమందిని పొట్టనపెట్టుకున్నాయో విశాఖవాళ్లకు చెప్పక్కర్లేదు. రెండో డిస్క్ పక్కన ఉంచమన్నది ఇందుకే. గీత దాటిన చోట దాన్ని పెట్టి ఆట సాగించాలి. అల దానంతట అది తెచ్చి ఇస్తే తీసుకోండి, లేకపోతే పోయినట్టే.

ఆడా మగా కలిసి ఆడే విభాగంలో నలుగురి ఆటకి చిక్కు లేదు, ఇద్దరూ ఇద్దరూ. ఐదుగురికి ప్రతి పాయింటుకీ ముగ్గురూ ఇద్దరూ తప్పదు, ఎవరు ముగ్గురన్నదే ప్రశ్న. ఒక పాయింటు అలా, ఒక పాయింటు ఇలా అని మార్చకండి. పక్కలు కూడా పాయింటుకోసారి మారతాయి కాబట్టి ఒక జట్టుకి గాలి వాలు వచ్చినప్పుడల్లా ఒకే కూర్పు పడుతుంది. మొదటి పాయింటు కూర్పు టాస్‌తో తేల్చి, రెండు మూడు పాయింట్లకు రెండో కూర్పు, నాలుగు ఐదుకి మళ్లీ మొదటిది, ఇలా రెండేసిగా మార్చాలి.

సబ్‌స్టిట్యూట్లు పాయింటు అయ్యాకే, పుల్‌కి ముందే. గాయమైతే మధ్యలో మార్చొచ్చు, అప్పుడు అవతలి జట్టు కూడా ఒకర్ని మార్చుకోవచ్చు. ఇసుకలో రెండు పాయింట్లు వరసగా ఆడితే పిక్కలు పట్టేస్తాయి కాబట్టి జట్టుకి ఎనిమిది నుంచి పదిమంది ఉండాలి. ఆరుగురితో వచ్చే జట్టు రెండో మ్యాచికే కుదేలవుతుంది. టైమౌట్ మ్యాచికి జట్టుకొకటి చాలు, సమయం అయిపోయిందని మోగే హారన్ తర్వాత లేదు. స్టడ్స్ ఉన్న బూట్లు నిషేధం. ఉత్తకాళ్లు, లేదా ఇసుక సాక్సులు.

కార్యక్రమం ఎలా వేయాలో ఎనిమిది జట్లకు చెబుతాం, మిగతా అంకెలకు మీరే సర్దుకోవచ్చు. నాలుగేసి జట్లు రెండు గ్రూపులు, గ్రూపుకో మైదానం. మ్యాచి 9 పాయింట్లకు లేదా 27 నిమిషాలకు, మొత్తం 35 నిమిషాల గడి. గ్రూపులో ఆరు మ్యాచులు, అంటే మూడున్నర గంటలు. జనవరిలో ఆరున్నరకు అటూ ఇటూగా తెల్లారుతుంది, అప్పుడు మొదలుపెడితే పదికి అయిపోతుంది. పది దాటాక పొడి ఇసుక అరికాళ్లను కాలుస్తుంది, ఆడించొద్దు. మ్యాచుల వరస ఇలా వేయండి: ఒకటి-రెండు, మూడు-నాలుగు, ఒకటి-మూడు, రెండు-నాలుగు, ఒకటి-నాలుగు, రెండు-మూడు. ఇందులో మూడో జట్టుకీ నాలుగో జట్టుకీ ఒక్కోసారి వరసగా రెండు పడతాయి, మూడు మాత్రం ఎవరికీ పడవు.

మధ్యాహ్నం మూడింటికి మళ్లీ. మొదటి గడిలో ఐదు నుంచి ఎనిమిది స్థానాల సెమీలు, రెండో గడిలో అసలు సెమీలు, మూడో గడిలో ఏడో స్థానం, ఐదో స్థానం మ్యాచులు, నాలుగో గడిలో మూడో స్థానం, ఫైనల్. అందరికీ మధ్యలో ఒక గడి విశ్రాంతి దొరుకుతుంది, 5.20కి పూర్తవుతుంది. మూడున్నరకు మొదలుపెట్టారంటే ఫైనల్ చివర్లో డిస్క్ సరిగ్గా కనబడదు. చలికాలంలో మనకు వెలుగు త్వరగా పోతుంది.

హారన్ మోగాక ఏం చేయాలన్నది రాయకపోతే ఫైనల్లో గొడవ ఖాయం. రెండు పద్ధతులున్నాయి. జరుగుతున్న పాయింటు పూర్తిచేసి, ఎక్కువ స్కోరుకి ఒకటి కలిపి అది లక్ష్యంగా ఆడటం ఒకటి. జరుగుతున్న పాయింటుతో ముగించి, సమానమైతే మాత్రం ఇంకొక్కటి ఆడటం రెండోది. గ్రూపు మ్యాచులకు రెండోదే పెట్టండి. మొదటిదానితో 7-3 ఉన్న మ్యాచి కూడా సాగి సాగి తర్వాతి గడిని తినేస్తుంది. సెమీలకీ ఫైనల్‌కీ మొదటిది న్యాయం. జట్లు గెలుపుల్లో సమానమైతే ముందు వాళ్లలో వాళ్లు ఆడిన మ్యాచుల గెలుపులు చూడాలి, తర్వాత వాళ్ల మధ్య పాయింట్ల తేడా, అప్పటికీ తేలకపోతే అన్ని మ్యాచుల తేడా.

మ్యాచి అవగానే రెండు జట్లూ కలిసి గుండ్రంగా నిలబడి మాట్లాడుకుంటాయి. ఆ తర్వాత స్పిరిట్ మార్కులు, ఎంత న్యాయంగా ఆడారో చూసి ఒక జట్టు అవతలి జట్టుకి వేసేవి. ఐదు అంశాలు: నియమాలు తెలియడం, ఒంటికి తగలకుండా ఆడటం, న్యాయబుద్ధి, ప్రవర్తన, మాట్లాడే తీరు. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు. మామూలుగా బాగా ఆడిన జట్టుకి రెండేసి, మొత్తం పది. ఇక్కడే మన మొహమాటం అడ్డొస్తుంది, అందరికీ నాలుగులు వేసేసి ఇరవై ఇచ్చేస్తాం. అప్పుడు నిజంగా గొప్పగా ఆడిన జట్టు ఎవరో తెలియదు, తప్పు చేసిన జట్టుకి తన తప్పూ తెలియదు. పది అంటే మంచి మార్కు అని ముందే గట్టిగా చెప్పండి. సాయంత్రానికి వాయిదా వేయకుండా మ్యాచి అయిన పది నిమిషాల్లో కాగితం ఇచ్చేయాలి. రెండుకి తక్కువ గానీ, నాలుగు గానీ వేస్తే ఎందుకో ఒక వాక్యం రాయాలి.

చోటు ఎంచుకునేటప్పుడు అనుమతులతో పాటు ఇంకో మాట అడగాల్సినవాళ్లున్నారు. జాలరిపేట, జోడుగుళ్లపాలెం వైపు తెప్పలు దిగే చోటు, వల లాగే చోటు, చేపలు ఎండబెట్టే చోటు మనకు ఖాళీ ఇసుకలా కనిపిస్తుంది, అది వాళ్ల పనిచోటు. ముందురోజు వెళ్లి ‘రేపు వల ఎన్నింటికి లాగుతారు బాబాయ్’ అని అడిగి, దానికి దూరంగా గీతలు వేయండి. జనవరి నుంచి వేసవి మొదటి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి వచ్చి గుడ్లు పెడతాయి. అటవీ శాఖ కట్టిన గుడ్ల సంరక్షణ కేంద్రాల దగ్గర మైదానం వద్దు, రాత్రిపూట లైట్లు వేసి ఆడటం అసలొద్దు. పొద్దున్న గీతలు వేయడానికి ముందు పదిమంది భుజం భుజం కలిపి వరసగా నిలబడి ఇసుక మీద మెల్లగా నడవండి. గాజు పెంకులు, గాలపు ముళ్లు, గవ్వల అంచులు ఏరేయాలి. పైకి కనబడేవి కాదు, వేళ్లతో ఇసుక కదిపితే తగిలేవి ప్రమాదం. తాగేనీళ్లు, మజ్జిగ, ఓఆర్‌ఎస్ పొట్లాలు, కళ్లలో ఇసుక పడితే కడగడానికి మంచినీళ్ల సీసా, వేళ్లకి చుట్టడానికి టేపు ప్రతి మైదానం పక్కనా ఉండాలి.

ఆఖరున నవారు విప్పేటప్పుడు కొసల్ని కోసేసి చుట్టుకుపోకండి. పాతిన చెక్క ముక్కలు తాడు పట్టుకుని తవ్వి తీయాలి. ఒక్కో మైదానానికి పది, రెండిటికి ఇరవై. లెక్క ఇరవై వచ్చేదాకా ఎవరూ కదలకూడదు, మర్నాడు తెల్లవారుజామున అదే ఇసుకలో ఉత్తకాళ్లతో వల లాగేవాళ్లుంటారు.